గుత్తి పేరు, నల్లమల ఊరు

పోకెమాన్ ఆటలో 596వ జీవి పేరు గాల్వాంటులా. పసుపుపచ్చ ఒళ్లు, నీలి కళ్లు, ఒంటినిండా బొచ్చు. ఎత్తు 80 సెంటీమీటర్లు, బరువు 14.3 కిలోలు. కరెంటు పారే దారాలను ఉమ్మి శత్రువుకు అడ్డంగా కంచె కడుతుంది. 2010 సెప్టెంబరు 18న జపాన్‌లో విడుదలైన బ్లాక్, వైట్ అనే జంట ఆటల్లో ఇది మొదటిసారి కనిపించింది. మా ఇంట్లో పిల్లవాడు ఫోన్‌లో దాని బొమ్మ చూపిస్తే, "ఇదేమిట్రా, సాలెపురుగంటావు, నాలుగు కాళ్లే ఉన్నాయి" అన్నాను. "ఆటలో అంతే తాతా" అని వాడు తన పనిలో పడిపోయాడు.

ఆటలో ఏది కల్పన, ఏది లోకంలోంచి తెచ్చుకున్నది అని లెక్క తీస్తూ పోతే దారి నేరుగా మన నంద్యాలకు వచ్చింది. పసుపు ఒంటి మీద నీలం అద్దితే గాల్వాంటులా. నీలం ఒంటి మీద పసుపు అద్దిన సాలీడు నంద్యాలకూ గిద్దలూరుకూ నడుమ నల్లమల చెట్ల తొర్రల్లో నిజంగానే ఉంది. జపాన్ చిత్రకారులు దీన్ని చూసి దాన్ని గీశారని నేను అనను, అలాంటి ఆధారమేదీ లేదు. కానీ ఒక జీవిని పట్టడం, పేరు పెట్టడం, దాని సంగతులు పుస్తకంలో నింపుకోవడం అనే ఆట మన అడవి సాలీడు మీద పోకెమాన్ పుట్టడానికి దాదాపు వందేళ్ల ముందే మొదలైంది. ఆ కథే ఇది.

ముందు ఆట సంగతి కొంచెం చెప్పుకోవాలి. దాన్ని పుట్టించిన సతోషి తాజిరి 1965లో పుట్టాడు. టోక్యో శివారు మచిదలో పెరిగాడు. అప్పటికి అక్కడ ఇంకా పొలాలు, చెరువులు, చిట్టడవులు మిగిలి ఉన్నాయి. అతనికి పురుగులంటే పిచ్చి. తోటిపిల్లలు పురుగుల డాక్టరని పిలిచేవారట. మిగతా పిల్లలు చెట్టు బెరడుకు తేనె పూసి పెంకుపురుగులను పట్టుకుంటుంటే, ఇతను చెట్టు కింద ఒక రాయి పెట్టి వచ్చేవాడు. పగటిపూట పురుగులు రాతి కింద నిద్రపోతాయి కాబట్టి పొద్దున్నే వెళ్లి రాయి ఎత్తితే చాలు. ఈ ఉపాయాన్ని 1999లో టైమ్ పత్రికకు తానే చెప్పుకున్నాడు. తరువాత చెరువులు పూడ్చారు, పొలాల్లో ఇళ్లు లేచాయి. 1983లో అతను గేమ్ ఫ్రీక్ అనే చిన్న పత్రిక మొదలుపెట్టాడు, 1989లో అదే ఆటల కంపెనీ అయింది. రెండు గేమ్ బాయ్ యంత్రాలను కలిపే వైరు చూసినప్పుడు, దాని గుండా ఒక పురుగు ఈ యంత్రంలోంచి ఆ యంత్రంలోకి పాకుతున్నట్టు తోచిందట. 1996 ఫిబ్రవరి 27న రెడ్, గ్రీన్ ఆటలు వచ్చాయి. అప్పుడు జీవులు 151, ఇప్పుడు వెయ్యి దాటాయి. నంద్యాల లాంటి ఊళ్లకు మాత్రం గేమ్ బాయ్ రాలేదనే చెప్పాలి. మన పిల్లలు దీన్ని టీవీ కార్టూన్‌గా చూశారు. 2016 డిసెంబరులో జియోతో కలిసి పోకెమాన్ గో అధికారికంగా మన దేశానికి వచ్చాక ఫోన్లలో ఆడారు.

ఈ ఆటలో నాకు బాగా నచ్చిన నియమం ఒకటుంది. ఆటగాడి చేతిలో పోకెడెక్స్ అనే జాబితా పుస్తకం ఉంటుంది. ఒక జీవి ఎదురుపడితే దాని పేరు, బొమ్మ మాత్రమే అందులోకి ఎక్కుతాయి. పట్టుకుంటేనే ఎత్తు, బరువు, అలవాట్లు తెలుస్తాయి. పట్టడమే తెలుసుకోవడం. ఎక్కడ దొరుకుతుందో కూడా ఆ పుస్తకమే చూపిస్తుంది.

గాల్వాంటులా గురించి ఆ పుస్తకం చెప్పేవి సరదాగా ఉంటాయి. దీని పిల్ల జోల్టిక్, పది సెంటీమీటర్ల జీవి. దానికి సొంతంగా కరెంటు పుట్టించడం రాదు, పెద్ద జంతువుల ఒంటికి అతుక్కుని వాటి మీది స్థిర విద్యుత్తును పీల్చుకుంటుంది. 36వ స్థాయికి వచ్చాక గాల్వాంటులాగా మారుతుంది. విద్యుత్తు నిండిన రాళ్లుండే గుహలో దొరుకుతుంది. సాలీడుకూ కరెంటుకూ ఉన్న ఈ లంకె పూర్తిగా కట్టుకథ అనుకున్నాను గానీ కాదు. కాలిఫోర్నియాలోని బర్కిలీ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2013లో చూపించిన సంగతి ఏమిటంటే, ఎగిరే పురుగుల ఒంటి మీద విద్యుదావేశం ఉంటుంది, అవి దగ్గరకు రాగానే సాలెగూటి దారాలు వాటివైపు వంగుతాయి. చిన్న సాలీళ్లు దారం వదిలి గాలిలో తేలిపోవడానికి వాతావరణంలోని విద్యుత్ క్షేత్రం తోడ్పడుతుందని 2018లో బ్రిస్టల్ పరిశోధకులు తేల్చారు. రెండూ ఆట వచ్చాక తెలిసినవే.

ఇంకొన్ని చోట్ల ఆటవాళ్లు తప్పులో కాలేశారు, లేదా కావాలనే వేశారు. గాల్వాంటులాకు ఇచ్చిన శక్తుల్లో సంయుక్త నేత్రాలు ఒకటి. అలాంటి కళ్లు ఈగలకు, తూనీగలకు ఉంటాయి. సాలీళ్లకు ఉండేవి మామూలు కళ్లు, అవీ చాలా జాతుల్లో ఎనిమిది. పొట్ట మీది బొచ్చును శత్రువు మీదికి విసిరి మూడు పగళ్లు, మూడు రాత్రులు పడగొడుతుందని కూడా పుస్తకంలో ఉంది. బొచ్చు విసరడం నిజమే, అది అమెరికా ఖండాల టారంటులాల (బొచ్చుతో ఉండే పెద్ద సాలీళ్ల) విద్య. కాలితో పొట్ట గీరి దురద పుట్టించే వెంట్రుకలను గాలిలోకి వదులుతాయి. ఆసియా, ఆఫ్రికా టారంటులాలకు ఆ విద్య లేదు. మన నల్లమల సాలీడూ టారంటులానే, దానికీ లేదు. దానికున్నవి పరుగు, కోర.

ఇలా ఒకచోట నుంచి కాలు, ఒకచోట నుంచి కోర తెచ్చి కొత్త జీవిని నిలబెట్టడం ఈ ప్రాంతంవారికి వింతేమీ కాదు. ఆళ్లగడ్డ రోడ్డు పక్కన శిల్పుల షెడ్ల ముందు నిలబడి చూడండి. దేవుళ్ల విగ్రహాల మధ్య యాళి కనిపిస్తుంది: సింహం ఒళ్లు, ఏనుగు తొండం, బయటికి పొడుచుకొచ్చిన గుడ్లు. అక్కడికి దగ్గరలోనే అహోబిలం. మనిషీ మృగమూ ఒకటైన దేవుడు స్తంభం చీల్చుకుని వచ్చాడని జనం నమ్మే ఉగ్రస్తంభం ఆ కొండల్లోనే ఉంది. శిల్పికి యాళి కొలతలు శాస్త్రంలో ఉన్నాయి, ఏ భాగం ఎంత ఉండాలో లెక్క ఉంది. గాల్వాంటులాకు ఎత్తూ బరువూ దశాంశంతో సహా రాసినవాళ్ల పట్టుదల అలాంటిదే. సాలీడుకు కూడా మన పురాణంలో చోటుంది, శ్రీకాళహస్తిలో శివుడికి దారాలతో గుడి అల్లింది అదే కదా. అయితే నల్లమల నీలి సాలీడును రాతిలో చెక్కినవాళ్లు నాకు తారసపడలేదు. చెక్కినా ఏం లాభం, దాని గొప్పంతా రంగులో ఉంది.

దాని కథ లండన్‌లో మొదలవుతుంది. రెజినాల్డ్ ఇన్నెస్ పోకాక్ అనే జీవశాస్త్రవేత్త అక్కడి బ్రిటిష్ మ్యూజియంలో సాలీళ్లు, తేళ్ల విభాగం చూసేవాడు. తరువాతి కాలంలో పులుల మీద, చిరుతల మీద రాసి పేరు తెచ్చుకున్న మనిషే. భారతదేశం నుంచి సీసాల్లో స్పిరిట్‌లో తేలుతూ వచ్చే సాలీళ్లు ఆయన బల్ల మీదికి చేరేవి. 1899లో పీసిలోథీరియా అనే ప్రజాతి మీద ఆయన ఒక వ్యాసం ప్రచురించాడు. ఆ ప్రజాతి భారతదేశంలో, శ్రీలంకలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. చెట్ల మీద బతికే పెద్ద సాలీళ్లు ఇవి. వాటిలో ఒకదానికి ఆయన మెటాలికా అని పేరు పెట్టాడు, ఒంటి మీద లోహపు మెరుపు ఉంది కాబట్టి. ఆయన దగ్గర ఉన్నది ఒకే ఒక నమూనా. అది దొరికిన చోటు అనంతపురం సీమలోని గుత్తి, అక్కడి రైల్వే కట్టెల అడితి.

ఆ ఒక్క చిరునామాతో శాస్త్రలోకం వందేళ్లు గడిపింది. గుత్తి చుట్టుపక్కల ఆ సాలీడు మళ్లీ కనబడలేదు. కనబడదు కూడా. గుత్తి అంటే రాతి కోట, బోడి గుట్టలు, ఎండిన నేల. చెట్టు తొర్రల్లో బతికే జీవికి అక్కడ ఇల్లు లేదు.

రైలు దారి చూస్తే చిక్కు విడిపోతుంది. గుంతకల్లు నుంచి నంద్యాల మీదుగా, నల్లమలను చీల్చుకుంటూ కోస్తా వైపు వెళ్లే మీటరు గేజి లైను 1880ల చివర్లో వేశారు. నంద్యాల దాటాక గాజులపల్లె, చలమ, బొగద, దిగువమెట్ట, ఆ తరువాత గిద్దలూరు. ఆ రోజుల్లో రైలుకు కలప ఎంత కావాలో ఇప్పుడు ఊహించడం కష్టం. పట్టాల కింద స్లీపర్లకు కలప, ఇంజను పొయ్యికి కట్టె. గుంతకల్లు జంక్షను పక్కనే గుత్తి. నల్లమలలో కొట్టిన ఏదో ఒక దుంగ తొర్రలో నక్కి ఆ సాలీడు రైలులో ప్రయాణించి, దాదాపు వంద కిలోమీటర్ల అవతల ఉన్న గుత్తి అడితిలో దిగిందని ఇప్పుడు పరిశోధకుల నమ్మకం. దిగిన స్టేషను పేరే ఇంటిపేరైంది. ప్రపంచంలో ఎవరినడిగినా ఇప్పటికీ అది గుత్తి సాలీడే, పెంపకందార్ల భాషలో గుత్తి సఫైర్. నంద్యాల పేరు ఎక్కడా లేదు. పేరు మార్చమని ఎవరూ అడగక్కర్లేదు గానీ, ఆ తప్పు చిరునామా వల్ల వందేళ్ల కాలం వృథా పోయిందన్నది మాత్రం నిజం.

2001లో ఆ సాలీడు మళ్లీ బయటపడింది, నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో. పోకాక్ వ్యాసం తరువాత 102 ఏళ్లకు. మనుషుల తాకిడికి బాగా దెబ్బతిన్న అడవి ముక్క అది. ఇంకో విడ్డూరం, అప్పటిదాకా శాస్త్రపుస్తకాల్లో మగ సాలీడు వివరమే లేదు. శ్రీశైలం పులుల ప్రాజెక్టులో నల్లమల జీవజాతుల మీద పనిచేసిన కె. తులసి రావు, సాలీళ్ల నిపుణుడు డి.బి. బస్తవాడే, వారి సహచరులు కలిసి 2006లో మగదాని వర్ణన ప్రచురించారు. ఒక జాతిలో ఆడదానికి పేరు పెట్టిన నూట ఏడేళ్లకు మగదాని సంగతి రాశారన్నమాట.

ఇప్పుడు ఆ జీవి గురించి. కాళ్లు చాపితే పదిహేను నుంచి ఇరవై సెంటీమీటర్ల వెడల్పు, అంటే మన అరచేతిని దాటిపోతుంది. వెలుగు పడితే ఒళ్లంతా నెమలి మెడ నీలం. మధ్యలో తెల్లటి చారికలు, కాళ్ల మడతల దగ్గర పసుపు మచ్చలు. గోడమూలల్లో చూసే సాలీడులా వల అల్లి మధ్యలో కూర్చోదు. పాత చెట్టు తొర్ర లోపల దారాలతో గొట్టంలా పరుచుకుంటుంది. పగలంతా లోపలే. రాత్రి బయటికి వచ్చి, దగ్గరకు వచ్చిన పురుగు మీద పడుతుంది. ఆడది పదకొండు, పన్నెండేళ్లు బతుకుతుంది, మగది మూడు నాలుగేళ్లే. విషముంది. కరిస్తే విపరీతమైన నొప్పి, కండరాలు పట్టేయడం ఉంటాయి. మనిషి ప్రాణం పోయిన దాఖలా మాత్రం లేదు. పైగా దాని మొదటి ఆలోచన పారిపోవడమే, కరవడం గత్యంతరం లేనప్పుడు. ఒంటి మీద పొక్కులు లేస్తే సాలీడు పాకిందనుకునే మనకు ఇదంతా చెప్పినా నమ్మకం కుదరదనుకోండి.

ఈ వివరాల్లో చాలా భాగం నల్లమలలో తెలిసినవి కావు. కుబుసం ఎన్నాళ్లకు విడుస్తుంది, గుడ్ల సంచిని ఎలా కాపాడుకుంటుంది, ఎన్నేళ్లు బతుకుతుంది అనేవి ఎక్కువగా యూరప్‌లో, అమెరికాలో గాజు పెట్టెల్లో దీన్ని పెంచుకునేవాళ్లు చూసి రాసుకున్నవి. మళ్లీ దొరికిన కొద్ది ఏళ్లకే అది ఆ పెట్టెల్లోకి చేరిపోయింది. మొదట్లో ఒక్కో పెద్ద ఆడదాని ధర వందల డాలర్లు పలికింది. మన అడవి నుంచి దాన్ని అధికారికంగా ఎవరూ ఎగుమతి చేయలేదు. దొంగచాటుగా పోయిన వాటి పిల్లల పిల్లలే ఇప్పుడు బజారులో ఉన్నవి. పోకెడెక్స్ నియమం ఇక్కడ అక్షరాలా అమలైంది. పట్టుకున్నవాడి పుస్తకంలో పేజీలు నిండాయి. ఎక్కడ దొరుకుతుంది అన్న గడిలో మాత్రం తప్పు ఊరి పేరే ఉండిపోయింది. అడవిలో అవి ఎన్ని ఉన్నాయి, ఏ చెట్టు తొర్ర ఇష్టపడతాయి, ఎంత దూరం తిరుగుతాయి అనేవాటికి గాజు పెట్టె జవాబు చెప్పదు. ఇందులో పెంపకందార్లందరినీ ఒకే గాటన కట్టడం కూడా సబబు కాదు. వాళ్లు తమ ఇళ్లలో పిల్లలు చేయించబట్టే ధర దిగింది, అడవి మీద ఒత్తిడి కొంత తగ్గింది. ఆ మాటా చెప్పాలి.

శాస్త్రజ్ఞులు మాత్రం ఆ నీలం వెంటపడ్డారు. రంగుపొడి లేకుండా వచ్చే నీలం అది. వెంట్రుక లోపల నానోమీటర్ల కొలతలో పొరలు పొరలుగా ఉన్న నిర్మాణం వెలుగులోని నీలాన్ని మాత్రమే వెనక్కి పంపుతుంది. నెమలి ఈకదీ ఈ పద్ధతే. అయితే నెమలి ఈకను తిప్పితే రంగు మారుతుంది, ఈ సాలీడు నీలం ఎటు తిప్పినా నీలంగానే ఉంటుంది. 2015లో అమెరికాలోని ఆక్రన్ విశ్వవిద్యాలయానికి చెందిన బోర్-కై సియుంగ్, టాడ్ బ్లాక్‌లెడ్జ్ బృందం చాలా రకాల టారంటులాలను పోల్చి చూసింది. నీలం వాటిలో కనీసం ఎనిమిదిసార్లు వేర్వేరుగా పుట్టిందట. నిర్మాణాలు వేరు, రంగు మాత్రం దాదాపు అదే, 450 నానోమీటర్ల దగ్గర. ఆ తరువాత అదే బృందం ఈ సాలీడు వెంట్రుక అడ్డకోత పువ్వులా ఉండటం గమనించి, ఆ ఆకారాన్ని నానో త్రీడీ ప్రింటరుతో అచ్చువేసింది. 160 డిగ్రీల మేర ఎటు నుంచి చూసినా రంగు మారని నీలం వచ్చింది. వెలిసిపోని రంగులు, కళ్లకు ఇబ్బంది లేని తెరలు తయారుచేయడానికి దారి దొరుకుతుందని వాళ్ల ఆశ.

రాత్రి తిరిగే జీవికి అంత నీలం ఎవరి కోసం? ఆడా మగా ఒకదాన్నొకటి మెప్పించుకోవడానికి కాదనే చాలాకాలం అనుకున్నారు, టారంటులాలకు రంగులు తెలియవన్న లెక్కతో. 2020లో సింగపూర్ పరిశోధకులు వాటి దృష్టికి సంబంధించిన జన్యువులను పరిశీలించి, రంగులు తెలిసే వీలుందన్నారు. నీలం జతను పిలవడానికే కావచ్చని మళ్లీ మొదటికి వచ్చారు. ఈ చర్చ తేలేలోగా నల్లమలలో ఎవరైనా వెన్నెల రాత్రుల్లో ఓపికగా కూర్చుని చూస్తే బాగుండునని నా ఆశ. ప్రయోగశాలలో జన్యువు చెప్పేది ఒకటి, తొర్ర ముందు జరిగేది ఇంకొకటి కావచ్చు.

అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ 2008లో దీన్ని అత్యంత ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో చేర్చింది. కారణాలుగా చూపినవి, తెలిసిన చోటు ఒక్కటే కావడం, విస్తీర్ణం వంద చదరపు కిలోమీటర్లకు లోపే ఉండటం, వంటచెరకుకూ కలపకూ చెట్లు కొట్టడం, పెంపకం వ్యాపారం. పాత చెట్టు పోతే తొర్ర పోతుంది, తొర్ర పోతే దీనికి ఇల్లు లేదు. ఆ తరువాత తమిళనాడులో జింజీ దగ్గర పక్కమలై అడవుల్లోనూ ఇది కనబడిందని వార్తలు వచ్చాయి. 2019లో జెనీవాలో జరిగిన సైటిస్ (ప్రమాదంలో ఉన్న జాతుల అంతర్జాతీయ వ్యాపార ఒప్పందం) సమావేశం పీసిలోథీరియా ప్రజాతి మొత్తాన్ని రెండో అనుబంధంలో చేర్చింది, అంటే అనుమతి పత్రాలు లేకుండా దేశాల మధ్య అమ్మకం కుదరదు. ఆ ప్రతిపాదనకు ముందు నడిచింది శ్రీలంక, వాళ్ల సాలీళ్లూ ఇలాగే పోతున్నాయి కాబట్టి.

ఆటలో ఎక్కువైన జీవిని వదిలేయడానికి ఒక మీట ఉంటుంది, నొక్కితే అది అడవిలోకి వెళ్లిపోతుంది. జర్మనీలోనో టెక్సాస్‌లోనో గాజు పెట్టెలో పుట్టిన నీలి సాలీడుకు అలాంటి దారి లేదు. ఏ తల్లి ఏ చెట్టు మీద నుంచి పోయిందో రాసినవాళ్లు లేరు, రక్తసంబంధాలు కలగాపులగమైపోయాయి, కొత్త రోగాలు మోసుకొస్తాయేమోనన్న భయం వేరే. అందుకే ఐయూసీఎన్ లెక్కలోకి పెట్టెల్లోని వేలు రావు. అడవిలో ఉన్నవే వస్తాయి.